హబ్బు తేలాకే రిమ్ము: పాత ఇంపల్స్‌కి చక్రాలు మార్చిన కేసు

బండి హీరో ఇంపల్స్, 2012 మోడల్. నడిపేది భాకరాపేట దగ్గర మామిడితోట చూసుకునే కుర్రాడు. తోటకి, ఎర్రావారిపాళెం వైపు ఊళ్ళకి, పనిబడితే తిరుపతికి ఇదే బండి. సగం దూరం తారు రోడ్డు, మిగతాదంతా రాళ్ళ దారి, వంకలు. కాయల సీజన్లో వెనక క్రేటు కూడా ఎక్కుతుంది.

అతను చెప్పిన ఇబ్బందులు మూడు. ఘాట్ దిగేటప్పుడు యాభై దాటితే హ్యాండిల్ ఊగుతోంది. వెనక చక్రంలో స్పోకులు ఎన్నిసార్లు వేయించినా తెగుతున్నాయి. వెనక బ్రేక్ తొక్కితే పెడల్ కాలిని ఎదురు తంతోంది. విరుగుడు కూడా తనే తెచ్చుకున్నాడు. చెన్నై పుదుపేటలో కొన్న రెండు అల్యూమినియం రిమ్ములు, ఒకటి 21 అంగుళాలది, ఇంకొకటి 18ది. "ముందు ఇది, వెనక ఇది వేసెయ్ అన్నా. ఎక్స్‌పల్స్ మాదిరి ఉండాల." ఎక్స్‌పల్స్ అంటే హీరోవాళ్ళదే, తర్వాత వచ్చిన ఆఫ్ రోడ్ బండి. దానికి ముందు 21, వెనక 18.

పాత ఆఫ్ రోడ్ బండికి చక్రాలు మార్చుకోవాలనుకునే వాళ్ళలో ఎక్కువమంది రిమ్ముతోనే మొదలుపెడతారు. కంటికి కనిపించేది అదే, మెరిసేదీ అదే. పని మాత్రం చక్రం నడిమధ్య ఉండే హబ్బు దగ్గర మొదలవ్వాలి. యాక్సిల్ (ఇరుసు) ఎంత, బేరింగు ఏది, డిస్క్ ఎక్కడ నిలబడాలి, స్పోకు ఏ కోణంలో బయల్దేరాలి, ఇవన్నీ తేల్చేది హబ్బే. అది తేలాక, దానికి సరిపోయే రిమ్మునే వెతుక్కోవాలి. ముందు రిమ్ము కొనేసి తర్వాత హబ్బును దానికి సర్దితే ఏమవుతుందో ఈ బండి వెనక చక్రంలోనే కనిపించింది.

ఈ బండి మీద డబ్బు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 2011లో ఇంపల్స్ వచ్చినప్పుడు మన దగ్గర ఆఫ్ రోడ్ కోసమే చేసిన బండ్లు దాదాపు లేవు. 149.2 సీసీ ఇంజను, 134 కేజీల బరువు, ముందు 19 అంగుళాల చక్రం, వెనక 17, ముందు 240 మి.మీ. డిస్క్, వెనక 130 మి.మీ. డ్రమ్ము. ఇంజనుకి బలం తక్కువే, కానీ ఛాసీ, సస్పెన్షన్ నిజాయితీగా చేసినవి. కంపెనీ దీన్ని ఆపేసి చాలా ఏళ్ళయింది కాబట్టి విడిభాగాల కోసం తిరగాలి. ఈ బండి ఇంజను బాగుంది, ఫ్రేములో ఎక్కడా వెల్డింగు దెబ్బల్లేవు, ఫోర్కులు నిటారుగా ఉన్నాయి. ఇవి చూశాకే చక్రాల పని ఒప్పుకున్నాను.

విప్పి చూస్తే

ముందు చక్రాన్ని పైకెత్తి, పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపితే టిక్కుమంటోంది. బేరింగు పోయిందనుకుంటారు ఎవరైనా. బేరింగు పోవడమే కాదు, అది కూర్చునే గూడే అరిగిపోయింది. మామూలుగా హబ్బు వేడి చేసి పుల్లర్‌తో లాగితే తప్ప రాని బేరింగు ఇక్కడ వేలితో నెడితే వచ్చేసింది. గూడు లోపలంతా అద్దంలా నున్నగా ఉంది. అంటే గూటిలో కదలకుండా ఉండాల్సిన బయటి రింగు అందులో జారి విడిగా తిరుగుతోంది. ఘాట్‌లో హ్యాండిల్ ఊగడానికి అసలు కారణం ఇదే. టైరు మార్చినా, స్టీరింగ్ కోన్ సెట్టు మార్చినా ఇది పోదు.

ఇలాంటి గూటికి సెంటర్ పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టి బేరింగును బిగుతుగా కూర్చోబెట్టే పద్ధతి ఒకటుంది. పల్చటి రేకు చుట్టి దించేవాళ్ళూ ఉన్నారు. ఆ చుక్కలు మళ్ళీ అరిగిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు, పైగా బేరింగు వంకరగా కూర్చుంటుంది. ముందు చక్రం విషయంలో నేను దానికి ఒప్పుకోను. గూడు బోరు చేసి స్లీవ్ దించొచ్చు. కానీ ఈ హబ్బు ఫ్లాంజిలో, అంటే స్పోకులు తగిలించే అంచులో, రంధ్రాలు కూడా సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. అందుకే హబ్బునే పక్కనపెట్టాం.

వెనక చక్రంలో తెగిన స్పోకులు చూశాను. స్పోకు ఎక్కడ తెగిందన్నది చూస్తే సగం కథ తెలిసిపోతుంది. హబ్బు దగ్గర మెడ వంపులో తెగితే చాలావరకు స్పోకులు వదులుగా ఉండి ఆడుతున్నట్టు. నిపిల్ (రిమ్ము దగ్గర స్పోకుని బిగించే చిన్న నట్టు) దగ్గర మర మొదలయ్యే చోట తెగితే స్పోకు వంగి నిపిల్‌లోకి వెళ్తోందన్నమాట. ఇతని స్పోకులన్నీ నిపిల్ దగ్గరే తెగాయి.

కారణం రిమ్ము. రిమ్ము మీద ప్రతి రంధ్రం చుట్టూ చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటని స్పోకు వచ్చే దిశకి వాల్చి కొడతారు, పక్కకీ వాలు ఉంటుంది, ముందుకో వెనక్కో కూడా వాలు ఉంటుంది. పెద్ద డ్రమ్ము హబ్బుకి ఒక కోణం, చిన్న డిస్క్ హబ్బుకి ఇంకో కోణం. రంధ్రాలు రెండింటికీ 36 ఉండొచ్చు, సైజూ ఒకటే ఉండొచ్చు, కోణం మాత్రం వేరు. వెనకటి యజమాని ఎప్పుడో చిన్న హబ్బుకి చేసిన రిమ్మును డ్రమ్ము హబ్బుకి కట్టించాడు. నిపిల్ ఒక దిక్కు చూస్తోంది, స్పోకు ఇంకో దిక్కు లాగుతోంది. చక్రం తిరిగే ప్రతిసారీ ఆ ఒక్కచోటే వంగి లేస్తుంటే ఎంత మంచి స్పోకైనా అలిసిపోతుంది.

డ్రమ్ములో 131 మి.మీ. గరిష్ఠం అని పోత పోసి ఉంది. ఒక దిక్కున కొలిస్తే 131 దాటింది, దానికి అడ్డంగా కొలిస్తే తక్కువ వచ్చింది. గుండ్రంగా లేదు కాబట్టే పెడల్ తంతోంది. డ్రమ్ము అరుగుదలతో పాటు స్పోకుల టెన్షన్ కూడా దీనికి కారణమవుతుంది. ఒక పక్క బిగుతుగా, ఒక పక్క వదులుగా ఉంటే స్పోకులు డ్రమ్మునే లాగి ఆకారం చెడగొడతాయి.

21 ఎందుకు వద్దన్నాను

90/90-19 టైరు ఎత్తు సుమారు 645 మి.మీ. 90/90-21ది 695. అంటే యాక్సిల్ 25 మి.మీ. పైకి లేస్తుంది. ముందు అంత లేస్తే ఫోర్కు వాలు సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది, ట్రెయిల్ (స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకీ టైరు నేలను తాకే చోటుకీ మధ్య దూరం) కూడా పెరుగుతుంది, మలుపుల్లో బండి బరువుగా తిరుగుతుంది. ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు టైరు ఎక్కడ తగులుతుందో వేరే చూసుకోవాలి. స్పీడోమీటరు ముందు చక్రం నుంచి నడిచే బండైతే 60లో వెళ్తున్నప్పుడు దాదాపు 56 చూపిస్తుంది. వెనక కూడా 18 వేస్తే గేరింగు బరువెక్కుతుంది. ఈ చిన్న ఇంజనుకి క్రేటు వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు అది వెంటనే తెలుస్తుంది.

ఇంకో పెద్ద కారణం ఉంది. ఇంపల్స్ అమ్మిన రోజుల్లో 19 అంగుళాల ఆఫ్ రోడ్ టైరు దొరకడం గగనం. అందుకే అప్పట్లో 21కి వెళ్ళాలన్న ఆలోచనలో న్యాయం ఉండేది. ఇప్పుడు స్క్రామ్ 411, కేటీఎం 390 అడ్వెంచర్, సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ లాంటి బండ్లు 100/90-19తోనే వచ్చాయి. టైర్ల కరువు తీరింది.

బండి 2012 మోడల్ కాబట్టి 2027తో పదిహేనేళ్ళు నిండుతాయి. ఆర్సీ రెన్యువల్‌కి బండిని చూపించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. చక్రాల సైజు మార్చి, వెనక డ్రమ్ము తీసి, స్వింగ్ ఆర్మ్‌కి బ్రాకెట్ వెల్డ్ చేసి డిస్క్ పెడితే ఆ రోజు అతనికి తలనొప్పి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పడినా అంతే. ఆ వెల్డింగు మాట చట్టం లేకపోయినా నాకు నచ్చదు. బ్రేక్ వేసినప్పుడు డిస్క్‌ని పట్టే కాలిపర్ మీద వచ్చే బలమంతా ఆ ఒక్క బ్రాకెట్ మీద పడుతుంది. 134 కేజీల బండికి, మట్టి దారికి, గుండ్రంగా ఉన్న 130 డ్రమ్ము బాగా చాలు.

కుర్రాడు మొదట ముఖం చిన్నబుచ్చుకున్నాడు. డ్రమ్ములో కొలిచే వెర్నియర్ కాలిపర్ పెట్టి రెండు దిక్కులా కొలిచి చూపించాను, పాత టైరు పక్కన 21 రిమ్ము నిలబెట్టి చూపించాను. "అయితే మనకి 19లోనే గట్టిది చెయ్యన్నా" అన్నాడు. తెచ్చిన రిమ్ములు తిరిగి అమ్ముకున్నాడు.

ముందు హబ్బు

కొత్తది దొరకలేదు. వాడిన అల్యూమినియం హబ్బు ఒకటి సంపాదించాం. ఫ్లాంజి మందం, డిస్క్ బోల్టుల వృత్తం మన పాత డిస్క్‌కి కలిసింది. డిస్క్ మీద కొట్టి ఉన్న కనీస మందం కంటే అది ఇంకా బాగానే ఉంది కాబట్టి అదే వాడాం. కలవనివి రెండు: హబ్బు పెద్ద యాక్సిల్ కోసం చేసింది, డిస్క్ కూర్చునే ముఖం పాతదానికంటే 3 మి.మీ. లోపలికి ఉంది.

యాక్సిల్ సంగతి బేరింగు నంబర్లతో తీరిపోతుంది. బయటి వ్యాసం ఒకటే ఉండి, లోపలి బోరు వేరుగా ఉన్న జంటలు ఉంటాయి. 6004 కొలతలు 20×42×12, 6302వి 15×42×13. అలాగే 6003ది 17×35×10, 6202ది 15×35×11. గూడు ముట్టుకోకుండానే పెద్ద బోరు బేరింగు తీసి చిన్న బోరుది వేసుకోవచ్చు. బోరు చిన్నదైతే బలం తగ్గుతుందేమో అని అనుమానం వస్తుంది. ఈ జంటల్లో చిన్న బోరు బేరింగుకే గోలీలు పెద్దవి, మోసే శక్తీ దానికే ఎక్కువ. రెండు జంటల్లోనూ వెడల్పు తేడా 1 మి.మీ. దుమ్ము సీలుకి ఆ 1 మి.మీ. పోగా చోటు మిగులుతుందా అని చూసుకుంటే చాలు. మాకు మిగిలింది.

తర్వాతది ఎవరూ పట్టించుకోని ముక్క, రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం. కొందరు కాలర్ అంటారు, కొందరు డిస్టెన్స్ బుష్ అంటారు. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు వచ్చే ఒత్తిడి ఈ గొట్టం గుండానే వెళ్ళాలి. ఇది పొట్టిదైతే బేరింగుల లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి నొక్కుకుపోయి, గోలీలు పక్క ఒత్తిడికి వేడెక్కి, కొత్త బేరింగు కూడా త్వరలోనే పోతుంది. కొత్త బోరుకి తగ్గట్టు లేత్‌లో ఈ గొట్టం చేయించాం. గూళ్ళ భుజాల మధ్య దూరం కంటే ఒక వెంట్రుకవాసి పొడవు ఉంచాం, తగ్గనివ్వలేదు. బేరింగు దించే వరస కూడా ఉంది. ముందు ఒక వైపుది భుజానికి ఆనేదాకా, తర్వాత గొట్టం, తర్వాత రెండో వైపుది గొట్టానికి తగిలేదాకా మాత్రమే. దెబ్బ ఎప్పుడూ బయటి రింగు మీదే పడాలి. యాక్సిల్ బిగించక ముందు చక్రం ఎంత హాయిగా తిరిగిందో బిగించాక కూడా అంతే తిరగాలి. బిగించాక బరువుగా తిరిగితే ఆ గొట్టం పొట్టిదే.

డిస్క్ 3 మి.మీ. లోపలికి ఉన్నదానికి దారులు రెండు. డిస్క్ కింద రింగు పెట్టి పొడుగు బోల్టులు వేయడం ఒకటి. బ్రేక్ వేసినప్పుడు ఆ బోల్టుల మీద పడే కోత బలం గుర్తొస్తే నాకు మనసొప్పదు. రెండోది హబ్బునే 3 మి.మీ. డిస్క్ వైపు జరపడం. యాక్సిల్ మీద హబ్బుకీ ఫోర్కుకీ మధ్య ఉండే బయటి కాలర్లు డిస్క్ వైపు 3 తగ్గించి, అవతలి వైపు 3 పెంచాలి. బేరింగు వెడల్పు పెరిగిన 1 మి.మీ. రెండు వైపులా తీసేయాలి. అలా డిస్క్ వైపు కాలర్ మొత్తం 4 మి.మీ. తగ్గింది, అవతలిది 2 పెరిగింది. హబ్బు జరిగినా రిమ్ము మాత్రం ఫోర్కుల నడిమధ్యే ఉండాలి. ఆ సర్దుబాటు స్పోకులు చూసుకుంటాయి. డిస్క్ ముఖం లోపలికి ఉన్న హబ్బును ఇలా వాడుకోవచ్చు. బయటికి పొడుచుకొచ్చి, కాలర్లో జరిపే చోటు లేకపోతే దాన్ని కొనవద్దు.

స్పోకు పొడవు

ఇక్కడ అంచనాలు పనికిరావు, లెక్క వేయాల్సిందే. నాలుగు కొలతలు కావాలి: నిపిల్ కూర్చునే చోట రిమ్ము వ్యాసార్థం, ఫ్లాంజిలో స్పోకు రంధ్రాల వృత్తం వ్యాసార్థం, చక్రం మధ్యగీత నుంచి ఫ్లాంజి దూరం, స్పోకు తిరిగే కోణం. 36 స్పోకుల చక్రంలో ఒక్కో ఫ్లాంజికి 18 రంధ్రాలు, అంటే రంధ్రానికీ రంధ్రానికీ 20 డిగ్రీలు. ఒక్కో స్పోకు అదే వైపు స్పోకులు మూడింటిని దాటేలా, అంటే మూడు దాట్లు, కడితే 60 డిగ్రీలు.

మొదటి మూడు కొలతల వర్గాలు కూడాలి. అందులోంచి రిమ్ము వ్యాసార్థం, ఫ్లాంజి వ్యాసార్థం, కోణం కొసైన్ గుణించి రెట్టింపు చేసి తీసేయాలి. మిగిలినదానికి వర్గమూలం కట్టి, ఫ్లాంజి రంధ్రంలో సగం తగ్గించాలి. మా చక్రానికి రిమ్ము వ్యాసార్థం 228, ఫ్లాంజిది 55. హబ్బు జరిపాక డిస్క్ వైపు ఫ్లాంజి మధ్యగీత నుంచి 33, అవతలిది 27. 60 డిగ్రీల కొసైన్ అర కాబట్టి తీసేయాల్సింది 228×55. డిస్క్ వైపు 208.7 వచ్చింది, అవతల 207.8. రంధ్రం సగం 2 మి.మీ. తీస్తే 206.7, 205.8. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, నిపిల్ మరలో సర్దుకుంటుంది. రెండు వైపులా 206 చేయించాం. మెడ వంపు మాత్రం లోపలి స్పోకులకి ఒకటి, బయటి స్పోకులకి ఒకటి.

ఇవి లెక్క చూపించడానికి ఇచ్చిన మా చక్రం కొలతలు. వీటినే పట్టుకెళ్ళి మీ బండికి స్పోకులు చేయించకండి.

స్పోకులు స్టెయిన్‌లెస్, నిపిళ్ళు నికెల్ పూత పూసిన ఇత్తడివి. మరకి గ్రీజు తప్పనిసరి. పొడి మర బిగిస్తే పట్టేసి, ఎంత బిగిసిందో చేతికి అబద్ధం చెబుతుంది.

రిమ్ములు, కట్టడం

ముందుకి 2.15×19 అల్యూమినియం రిమ్ము. 100/90 టైరుకి ఆ వెడల్పు కావాలి. కొనే ముందు హబ్బును బల్ల మీద పెట్టి, రిమ్ము రంధ్రంలో నిపిల్ ఉంచి, తిన్నటి తీగ గుచ్చి చూశాం. తీగ వంగకుండా నేరుగా హబ్బు రంధ్రం వైపు వెళ్తేనే ఆ రిమ్ము మనది. లోపలి వరస, బయటి వరస, రెండు వైపులా చూడాలి.

వెనక పాత స్టాకులో అదే 130 డ్రమ్ము ఉన్న కొత్త హబ్బు దొరికింది. స్ప్రాకెట్ కూర్చునే చోట డ్యాంపర్ రబ్బర్లు కొత్తవి వేశాం. వెనక రిమ్ము మాత్రం ఇనుపదే, ఆ డ్రమ్ముకి కోణం కుదిరిన 17 అంగుళాలది. క్రేటు బరువుతో రాయికి కొట్టుకుంటే ఇనుప అంచు వంగుతుంది, తిరిగి సరిచేయొచ్చు. కోణం కుదరని అల్యూమినియం కంటే కోణం కుదిరిన ఇనుము నాకు వెయ్యి రెట్లు మేలు.

వెనక పాత చక్రం విప్పే ముందే డ్రమ్ము అంచుకి అడ్డంగా స్కేలు పెట్టి రిమ్ము ఎంత జరిగి ఉందో కొలిచి, గోడ మీద రాసుకున్నాం. ఫ్రేము మధ్యగీతకి దారం కట్టి మరోసారి సరిచూశాం. స్పోకులు కోసేశాక ఈ కొలత ఎక్కడా దొరకదు.

బిగింపు అన్ని స్పోకులకీ సమానంగా, కొద్దికొద్దిగా, చుట్లు చుట్లుగా సాగాలి. చివరికి టార్క్ 4 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాం. చాలా సర్వీస్ మాన్యువళ్ళు చెప్పేది ఆ దరిదాపుల్లోనే. మధ్యలో స్పోకుల జంటలని గట్టిగా పిసికి, మళ్ళీ ఔట్ (చక్రం తిరిగేటప్పుడు రిమ్ము ఊగే తేడా) చూసి, మళ్ళీ బిగించాలి. ఇలా పిసకకపోతే మెడ వంపులు హబ్బులో పూర్తిగా కూర్చోవు, దారిలో కూర్చుని వదులవుతాయి. మాన్యువళ్ళలో పక్క ఔట్‌కీ, ఎత్తు ఔట్‌కీ సాధారణంగా 2 మి.మీ. దాకా అనుమతి ఉంటుంది. అది వాడకంలో ఉన్న చక్రానికి పెట్టిన హద్దు, కొత్తగా కట్టిన చక్రానికి అంత వదలకూడదు. డయల్ గేజ్ మీద రెండు చక్రాలూ అర మిల్లీమీటరు లోపలికి తెచ్చాం. కట్టాక డ్రమ్ము మళ్ళీ రెండు దిక్కులా కొలిచాం, గుండ్రంగానే ఉంది.

ట్యూబ్‌లెస్ చేయమని కూడా అడిగాడు. వద్దన్నాను. ఈ రిమ్ముల్లో టైరు అంచుని పట్టి ఉంచే లోపలి గట్టు లేదు. గాలి తగ్గి రాయికి కొట్టుకుంటే టైరు అంచు జారుతుంది. తుమ్మముళ్ళ దారిలో పంక్చరు పడితే ట్యూబుకి ప్యాచీ ఏ పల్లెలోనైనా వేస్తారు. మందపాటి ట్యూబులు, కొత్త రిమ్ టేపు వేసి, గాలి 20 పీఎస్ఐ కంటే దించొద్దని చెప్పాను.

దారి మీద

మొదట ఖాళీ బండి, తర్వాత వెనక బరువుతో భాకరాపేట ఘాట్ దిగాం. హ్యాండిల్ నిలకడగా ఉంది. వెనక బ్రేక్ పెడల్ తన్నడం ఆగింది. కొత్త షూలు డ్రమ్ముకి పూర్తిగా అంటుకోవడానికి కొంత టైము పట్టింది, ఆలోపు నెమ్మదిగా నడపమన్నాను. దిగిన వెంటనే ముందు హబ్బు మీద చెయ్యి పెట్టి చూశాం. డిస్క్ వేడిగా ఉంది, బేరింగుల దగ్గర గోరువెచ్చగా కూడా లేదు.

వంద కిలోమీటర్లు తిరిగాక రమ్మంటే వచ్చాడు. వెనక స్ప్రాకెట్ వైపు కొన్ని స్పోకులు పావు చుట్టు తీసుకున్నాయి, ముందు ఒక్కటీ కదల్లేదు. ఆ తర్వాత కాయల సీజను మొత్తం క్రేట్లతో తిరిగింది, ఒక్క స్పోకూ తెగలేదు. ఇప్పుడు అతనే స్పానర్‌తో ఒక్కో స్పోకునీ తట్టి వింటున్నాడు. ఖణేల్మంటే సరే, మొద్దుగా మోగితే నా దగ్గరికి తెస్తున్నాడు. ముందు బేరింగు సీళ్ళు వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి చూడాలి. ఆ వంకల్లో నీళ్ళు యాక్సిల్ దాకా వస్తాయి.